వదలడం కూడా గుండె చేసే పనే

రిటైరైన డాక్టర్ని పిలిచి శాలువా కప్పి, రెండు ముక్కలు మాట్లాడమంటారు. మొన్న గుండె జబ్బుల విభాగంలో కొత్తగా చేరిన పిల్లల ముందు నన్నూ అలాగే నిలబెట్టారు. నేను మైకు అందుకునేలోపే తరువాతి వక్త గొంతు సవరించుకుంటున్నాడు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాను. నేను ఎప్పుడు ఏ కుర్చీలోకి మారానో మీకు అక్కర్లేదు. ఈ విశాఖపట్నంలో నా ఉద్యోగమంతా నీరసించిన గుండెల్ని చూడటంతోనే గడిచింది. ఆ పని నాకు బాగా వచ్చు. ఈ వయసులో వినయం నటించే ఓపిక లేదు కనుక ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

హార్ట్ ఫెయిల్యూర్ అనగానే గుండె ఆగిపోయిందనుకుని బంధువులు ఏడుపు మొదలుపెడతారు. ఆగిపోలేదు, కొట్టుకుంటూనే ఉంది, కానీ చేయాల్సినంత పని చేయలేకపోతోంది అని చెప్పడానికే మీకు సగం రోజు పోతుంది. మిగతా సగం, ఎందుకు చేయలేకపోతోందో మీరు తెలుసుకోవడానికి పెట్టండి.

కప్ప గుండె

కార్డియాలజీకి రాకముందు నేను కొన్నాళ్ళు ఫిజియాలజీ విభాగంలో పాఠాలు చెప్పాను. అప్పట్లో కప్ప గుండెకి దారం కట్టి, ఆ దారాన్ని ఒక చిన్న పుల్లకి తగిలించేవాళ్ళం. గుండె కొట్టుకున్నప్పుడల్లా పుల్ల లేచి పడుతూ, మసి పట్టించిన కాగితం మీద గీతలు గీసేది. దాని మీద కాల్షియం ద్రావణం చుక్క వేస్తే గీతలు ఎత్తుగా లేచేవి. పిల్లలకి సంబరం. ఇంకా వేద్దాం మేడమ్ అనేవాళ్ళు. సరే, వెయ్యండి అనేదాన్ని. ఇంకో రెండు చుక్కలు పడగానే పుల్ల పైకి లేచి ఇక దిగేది కాదు. గుండె పిడికిలిలా బిగిసి, అలాగే ఆగిపోయేది.

బలం చాలక ఆగిందా అని వాళ్ళని అడిగేదాన్ని. కాదు. అది బిగియడం దగ్గర ఆగిపోయింది. వదలలేకపోయింది.

మనిషి గుండె కణంలోనూ జరిగేది ఇదే. గుండె కొట్టుకునే ప్రతి దెబ్బకి బయటి నుంచి కొంచెం కాల్షియం కణంలోకి వస్తుంది. ఆ కొంచెం వెళ్ళి లోపల ఉన్న కొట్టు తలుపు తడుతుంది. కొట్టులో దాచిన కాల్షియం ఒక్కసారిగా బయటపడుతుంది, కండరం బిగుస్తుంది. ఇంతవరకూ అందరూ చదువుకుంటారు. తరువాతి సంగతి దగ్గరే పుస్తకం మూసేస్తారు. బయటపడిన కాల్షియాన్ని మళ్ళీ కొట్టులోకి తోడి పొయ్యాలి, కొంత కణం బయటికి పంపెయ్యాలి. తోడే పంపులకి శక్తి కావాలి. ఆ తోడటం సరిగ్గా జరిగితేనే కండరం వదులుతుంది, వదిలితేనే రక్తం నిండుతుంది, నిండితేనే తరువాతి దెబ్బకి పంపడానికి ఏమైనా ఉంటుంది.

నీరసించిన గుండెలో ఆ పంపులు మందగిస్తాయి. కొట్టు తలుపు సరిగ్గా మూసుకోక కారుతూ ఉంటుంది. కొట్టులో సరుకు తక్కువ కనుక బిగియడంలో బలం ఉండదు. కణంలో మిగిలిపోయిన కాల్షియం వల్ల పూర్తిగా వదలడమూ ఉండదు. కారిన కాల్షియం వేళకాని వేళ గుండెని ఉలిక్కిపడేలా చేస్తుంది, లయ తప్పుతుంది. ఈ ఒక్క పేరా అర్థమైతే మీరు వాడే మందుల్లో చాలావాటి గుణమూ దోషమూ మీకే తెలుస్తాయి. రోగులకి ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. కాల్షియం అనగానే వాళ్ళు మందుల షాపుకి వెళ్ళి ఎముకల బిళ్ళలు కొంటారు. తినే కాల్షియానికీ దీనికీ సంబంధం లేదని ఆ నోటితోనే చెప్పండి.

మా చీఫ్

మా చీఫ్ గారిది కృష్ణా జిల్లా. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, ఉల్లిపాయ కూడా ముట్టని శాకాహారం. స్టెతస్కోపు పెట్టి ఆయన చెప్పింది తరువాత ఎకోలో తప్పని తేలడం నేను చూడలేదు. ఆ చెవి నాకు రాలేదు, మీకూ రాదు, ఎందుకంటే మీరు ముందే మిషను కేసి చూస్తారు. కాకపోతే ఆయనకి గుండెని గట్టిగా కొట్టించే డోబుటమిన్ డ్రిప్ అంటే మహా నమ్మకం. గుండె నీరసించిందా, డ్రిప్ పెట్టు. "బండికి పెట్రోలు పొయ్యకుండా నడవమంటే ఎలా అమ్మా?" అనేవారు.

ఆ రోజుల్లోనే బీటాబ్లాకర్ల గురించి కొత్త మాట వినిపిస్తోంది. గుండెని నెమ్మదింపజేసే మాత్రలవి. మేం చదువుకున్నప్పుడు ఫెయిలైన గుండెకి వాటిని ఇస్తే పరీక్ష తప్పేవాళ్ళం. ఇప్పుడు అవే ఇవ్వమంటున్నారు. చీఫ్ గారు ఒప్పుకోలేదు. మొండితనం అని మేమంతా చాటుగా అనుకునేవాళ్ళం కానీ అది పూర్తి నిజం కాదు. ఆయన కుర్రతనంలో ఎవరో ఆ మాత్ర పెద్ద మోతాదులో ఇచ్చిన రోగి ఆయన చేతుల్లోనే పోయాడు. ఆ భయం ఆయన్ని వదల్లేదు. పై అధికారి కాదన్నాడంటే దాని వెనక ఒక రోగి ఉండి ఉంటాడని నేను అప్పటి నుంచి అనుకుంటాను. అలా అనుకుంటే వాదన మర్యాదగా సాగుతుంది, గెలిచే అవకాశమూ పెరుగుతుంది.

గౌరి

గౌరిది ఎస్.కోట వైపు పల్లె. మొగుడు రమణ స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని. గోపాలపట్నంలో రెండు గదుల ఇల్లు. తొలికాన్పు అయిన నెలకి అత్త పైడమ్మ ఆమెను ఆటోలో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చింది. కాళ్ళు పొంగి ఉన్నాయి, మాట మాటకీ ఆయాసం. పడుకుంటే ఊపిరి ఆడక కొన్నాళ్ళుగా గోడకి ఆనుకునే కునుకు తీస్తోందట. బాలింత వాపు, అదే పోతుందని వీధిలో అందరూ అన్నారట.

ఎకోలో చూస్తే గుండె పాత చేతిసంచిలా సాగిపోయి ఉంది. ప్రసవం ముందూ వెనకా కొందరికి ఇలా జరుగుతుంది. చీఫ్ గారు డ్రిప్ పెట్టించారు. మర్నాటికి గౌరి లేచి కూర్చుని కబుర్లు చెప్పింది, పాపని తెమ్మంది. "చూశావా?" అన్నట్టు చీఫ్ గారు నా వైపు చూశారు. నిజమే, బాగుంది. కప్ప గుండె మీద మొదటి చుక్క పడ్డప్పుడు కూడా అలాగే ఉంటుంది.

తరువాత డ్రిప్ ఏమాత్రం తగ్గించినా బీపీ పడిపోవడం మొదలైంది. పడగానే పెంచేవాళ్ళం. పెంచిన కొద్దీ మానిటరు మీద వేళకాని దెబ్బలు. ఒక మధ్యాహ్నం బంధువులు చూసే వేళలో, అత్త తల దువ్వుతూ ఉండగానే, గుండె లయ తప్పి పరుగెత్తింది. షాకు ఇచ్చి వెనక్కి తెచ్చాం. తెలివి వచ్చాక గౌరి నా కొంగు పట్టుకుంది.

"అమ్మా, నాను బతుకుతానా? గుంటకి ఇంకా పేరు కూడా ఎట్టనేదు."

"ఎందుకు బతకవు? పేరు ఏటి ఎట్టాలో ఆలోసించుకుంటూ పడుకో," అన్నాను. నాకు భయం వేసింది. ఆ భయంతోనే మర్నాడు పొద్దున్నే చీఫ్ గారి గదిలోకి వెళ్ళాను.

"సార్, డ్రిప్ మెల్లగా దించేద్దాం. నీరు లాగేద్దాం. స్థిమితపడ్డాక బీటాబ్లాకర్ అతి తక్కువ మోతాదులో మొదలుపెడదాం."

"నీకు మతి పోయిందా? నడవలేని బండికి బ్రేకు వేస్తావా?"

"ఆ కణంలో కొట్టు ఖాళీగా ఉంది సార్. తలుపు కారుతోంది. మనం డ్రిప్‌తో రోజూ ఉన్న కాస్తా బయటికి లాగిస్తున్నాం. ఇంకా కారుతోంది. నిన్నటి పరుగు దానివల్లే. కొన్నాళ్ళు దాన్ని తరమకుండా వదిలేస్తే తోడుకుని నింపుకుంటుంది."

"ఆ పిల్ల పోతే?"

"డ్రిప్ మీద ఉంచినా పోతుంది సార్. నిన్న మీరూ చూశారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది నీ కేసు. నేను అడ్డు రాను, బాధ్యతా తీసుకోను," అన్నారు చివరికి. అంతకంటే నాకు కావలసిందీ లేదు.

డ్రిప్ దించడం అన్నది తలుచుకోగానే అయిపోయే పని కాదు, ఓపికతో చేసే పని. కాస్త దించడం, చూడటం, నీరు తీసే ఇంజక్షను, రక్తనాళాల్ని వదులు చేసే మాత్ర, మళ్ళీ కాస్త దించడం. చేతులు వెచ్చబడి, కాళ్ళ వాపు తగ్గి, డ్రిప్ లేకుండా బీపీ నిలబడ్డాక, ఉన్నవాటిలో చిన్న మాత్రను సగం చేసి ఇచ్చాను. వాపుతో, చల్లటి చేతులతో ఉన్న రోగికి మొదటి రోజే ఈ మాత్ర ఇచ్చి నా పేరు చెప్పకండి. అలా ఇచ్చేవాళ్ళని చూసే మా చీఫ్ గారు భయపడింది.

ఇంటికి పంపేటప్పుడు అత్తాకోడళ్ళని కూర్చోబెట్టి చెప్పాను. మొదట కొన్నాళ్ళు ఇంకా నీరసంగా ఉంటుంది, మాత్ర ఆపొద్దు. ఉప్పు పూర్తిగా మానెయ్యాలి. పైడమ్మ నా రెండు చేతులూ పట్టుకుని అలాగేనంది.

క్యారేజీ

మూడో వారం కాకుండానే గౌరి తిరిగి వచ్చింది. కాళ్ళు మళ్ళీ పొంగాయి, మళ్ళీ ఆయాసం. చీఫ్ గారు వార్డు రౌండులో పిల్లలందరి ముందూ ఆగి, "చెప్పానా? ఆ మాత్ర ఆపి డ్రిప్ పెట్టండి," అన్నారు.

"ఒక్క రోజు ఆగండి సార్," అన్నాను. ఆయనకి కోపం వచ్చింది కానీ ఆగారు.

నా లెక్క ఏమిటంటే, మాత్ర గుండెని కుంగదీసి ఉంటే చేతులు చల్లబడాలి, బీపీ పడాలి. గౌరి చేతులు వెచ్చగా ఉన్నాయి. నాడి నెమ్మదిగా, బుద్ధిగా నడుస్తోంది. మానిటరు మీద వేళకాని దెబ్బలు దాదాపు లేవు. ఒంట్లో నీరు మాత్రం చేరింది. నీరు చేరిందంటే ఎక్కడి నుంచో ఉప్పు వస్తోంది. పైడమ్మని పక్కకి పిలిచాను.

"ఏటమ్మా, కూరలో ఉప్పు ఏస్తన్నావా?"

"సింహాద్రప్పన్న తోడమ్మా, సిటికెడు కూడా ఎయ్యనేదు. ఉప్పు డబ్బా ఇంట్లోంచే తీసీసినాను."

ఆమె అబద్ధం చెప్పడం లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. నేను ఏమీ తేల్చుకోలేక రౌండు పూర్తిచేసుకుని వస్తున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ. పైడమ్మ కోడలి మంచం పక్కన క్యారేజీ విప్పింది. వెల్లుల్లి, ఎండుచేప కలిసిన వాసన వార్డంతా చుట్టింది. ఆ వాసన నాకు కొత్త కాదు. నాకు కాన్పు అయినప్పుడు మా అమ్మా అదే వండి పెట్టింది.

"మరిదేటి?" అన్నాను.

"ఎండు సొరమ్మా. బాలింతకి పాలు పడొద్దా? రెండు పూటలా ఇదే ఎడతన్నాను."

"ఇందులో ఉప్పు నేదేటి?"

పైడమ్మ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "అది సేప ఉప్పమ్మా. నువ్వు మమ్మల్ని ఉప్పు ఎయ్యొద్దన్నావు. మేం ఎయ్యనేదు."

పక్క మంచం మీద ముసలాయన కిసుక్కున నవ్వాడు. నాకూ నవ్వు ఆగలేదు. ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాను. సముద్రం తాగినట్టుంది. క్యారేజీ గిన్నె అలాగే పట్టుకుని చీఫ్ గారి గదికి వెళ్ళాను. ఆయన జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"సార్, మాత్రది తప్పు కాదు. రోజుకి రెండు పూటలా ఇది తింటోంది."

"ముందు మూత పెట్టమ్మా."

మూత పెట్టాను. ఎండబెట్టే ముందు సొరచేపని ఉప్పులో ఎలా ఊరబెడతారో, బాలింతలకి ఎందుకు పెడతారో చెప్పాను. ఆయన రుమాలు తియ్యకుండానే అంతా విన్నారు. తరువాత గౌరి దగ్గరికి వచ్చి చేతులు పట్టుకు చూశారు. నాడి చూశారు. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు.

"నీరు తీసే మందు పెంచండి," అన్నారు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఆ మాత్ర ఆపొద్దు," అన్నారు.

నా ఉద్యోగంలో నన్ను మెచ్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ మూడు మాటల్లాంటి మెప్పు మళ్ళీ దొరకలేదు.

పైడమ్మతో బేరం మాత్రం కష్టమైంది. బాలింతకి చప్పిడి కూడు పెట్టి ఎండగడతారా అని ఆమె గొడవ. ఆచారం మానమంటే ఇంటికెళ్ళి మూసిన తలుపు వెనక అదే వండుతుందని నాకు తెలుసు. మన పల్లెల సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. "సొర మానొద్దు. ఫిషింగ్ హార్బరు నుంచి పచ్చి సొర తెప్పించి పొడికూరలా పిట్టు సెయ్యి. ఎల్లుల్లి ఎంతైనా ఎయ్యి, మిరియం ఎయ్యి. ఉప్పు మాత్రం వద్దు. నీ కోడలు బాగుంటేనే పాలు," అన్నాను. ఆమె క్యారేజీ సర్దుకుంటూ, "అలగైతే సరే," అంది. ఆ రోజు నుంచి నేను ఏ రోగినీ ఉప్పు తింటున్నావా అని అడగలేదు. నిన్న పొద్దున్న ఏం తిన్నావు, మధ్యాహ్నం దేంతో తిన్నావు అని అడుగుతాను. మీరూ అలాగే అడగండి.

నెలలు

తరువాత నెలల తరబడి చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. మన పనిలో ఎక్కువ భాగం అదే. గౌరి వచ్చేది, మాత్ర కాస్త పెంచేదాన్ని, వెళ్ళేది. ఎకోలో ముందు గుండె నిండే తీరు మారింది. అంటే వదలడం నేర్చుకుంది. బిగియడం ఆ తరువాత మెల్లగా బలపడింది. సాగిన గది తగ్గుతూ వచ్చింది. ఏడాది తిరిగేసరికి కొత్తగా చూసేవాళ్ళు ఆ గుండెకి జబ్బు చేసిందంటే నమ్మరు. అందరి గుండె అలా తిరిగి రాదు, ఆ మాటా మీరు రోగికి దాచకూడదు. మళ్ళీ కాన్పు వద్దని గౌరికి చెప్పాల్సి వచ్చింది. ఏడ్చింది, తరువాత ఒప్పుకుంది. పాపకి లక్ష్మి అని పేరు పెట్టుకున్నారు.

చీఫ్ గారు నువ్వు చెప్పిందే నిజమని ఎప్పుడూ అనలేదు. కానీ డ్రిప్ మీద ఉన్న ప్రతి రోగి దగ్గరా ఆగి, దీన్ని ఎప్పుడు దించుతున్నారు అని అడగడం మొదలుపెట్టారు.

మరుసటి ఏడు ఓపీ కిటకిటలాడుతున్న ఒక ఉదయం, వరసని తోసుకుంటూ పైడమ్మ లోపలికి వచ్చింది. వెనక ఎవరో బాలింత, ఇరవై కూడా దాటని పిల్ల. కూర్చోమంటే కూర్చుంది కానీ ఊపిరి పైపైనే ఆడుతోంది.

"మా ఈది పిల్లమ్మా. కాళ్ళు పొంగినాయి. బాలింత వాపే అంతన్నారు అందరూ. నాను ఒప్పుకోనేదు. పడుకోమంటే పడుకోనేకపోతంది. ఆటో ఎక్కించి తెచ్చీసినాను. సూడు."

చూశాను. గుండె సాగడం అప్పుడే మొదలైంది. డ్రిప్ దాకా పోకుండా మందులతోనే పట్టుకోవచ్చు. చీఫ్ గారిని పిలిపించాను. ఆయన ఎకో తెర కేసి చూసి, "ఇంత తొందరగా ఎవరు పంపారు?" అన్నారు. పైడమ్మని చూపించాను. ఆయన మందులన్నీ తనే రాశారు. నీరు తగ్గాక మొదలుపెట్టాల్సిన బీటాబ్లాకర్ సగం మాత్ర కూడా అందులో ఉంది. నన్ను అడగలేదు.

"బతుకుతాది కదా బాబూ?" అంది పైడమ్మ.

"బతుకుతుందమ్మా. సమయానికి తెచ్చావు."

"అయితే ఆ మాట దాని అత్తకి నువ్వే సెప్పు. బయట కూకుంది. ఈ గుంటకి ఏటీ నేదని నా మీద ఇంతెత్తున లేస్తంది. నా మాట ఇన్నేదు."

మా చీఫ్ గారు తనంతట తాను రోగి బంధువు దగ్గరికి నడిచి వెళ్ళడం నేను అంతవరకూ చూడలేదు. ఆయన లేచి వరండాలోకి వెళ్ళారు. బెంచీ మీద ఆ అత్త పక్కనే, తెల్ల ప్యాంటు సంగతి కూడా చూసుకోకుండా కూర్చున్నారు. కోడలి గుండె ఎలా బిగుస్తుందో, ఎందుకు వదలలేకపోతోందో, ఇప్పుడు దానికి ఏం కావాలో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ మధ్యలో అడ్డుపడితే మళ్ళీ చెప్పారు. నేను తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాను, ఒక్క ముక్క కూడా కల్పించుకోలేదు. ఆయన ఎక్కడైనా తప్పు చెబితే కదా.